ఎడమకు గుంజే కారు

కోస్గి పక్కన ఒక ఊళ్ళో పశువుల డాక్టరుగా చేరిన రెండు నెలలకు, నేను బాపు అని పిలిచే మా నాన్న తన కారును నాకు అప్పగించాడు. కట్టంగూరులో మా ఇంటి ముందు నిలబడి తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు, వెంటనే తీసుకున్నాడు, కారు చుట్టూ ఒకసారి తిరిగివచ్చి మళ్ళీ పెట్టాడు. చదువుకోసం నన్ను హాస్టల్లో దించి వెళ్ళిన రోజున కూడా ఆయన ముఖంలో అంత దిగులు నేను చూడలేదు.

బాపు ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేక ఎవరో వాడి అమ్మిన చిన్న కారు ఒకటి కొన్నాడు. దాని రంగు తెలుపు అని కాగితాల్లో రాసి ఉంది. నేను చూసేసరికి దుమ్మంతా ఒంట్లోకి ఇంకి, పాలు ఎక్కువైన చాయ రంగుకు వచ్చింది. బాపు వారానికోసారి దాన్ని కడిగేవాడు. నెలకోసారి బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, "మంచిగనే ఉన్నది" అని మూసేవాడు. చిల్లర రిపేర్లన్నీ ఇంటి ముందు గోనెపట్టా పరుచుకుని తానే చేసుకునేవాడు. మెకానిక్ దగ్గరికి పోవడం ఆయనకు నామోషీ. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టినవాణ్ణి, నాకు ఇంకొకడు చెప్పేదేముంది అనేవాడు.

అది తెలంగాణ వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో. ఊరూరా గొర్రెలు పంచుతున్న రోజులు. పంచిన గొర్రెలకు టీకాలు, కడుపులో పురుగులకు నట్టల మందు, చెవులకు బిళ్ళలు. అంతకుముందు మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోల్లో తిరిగినదాన్ని, కారు వచ్చాక రాణిగారిలా తిరగడం మొదలుపెట్టాను. ఆ వైభోగం సరిగ్గా పదకొండు రోజులు నడిచింది.

పన్నెండో రోజు ఒక తండాలో టీకాలు వేసి తిరిగివస్తుంటే రోడ్డుకు అడ్డంగా మంద వచ్చింది. గొర్రెల మంద మధ్యలో కారు నడపడమంటే పది అడుగులు కదలడం, ఆగడం, మళ్ళీ పది అడుగులు. అలా ఇరవైసార్లు బ్రేకు తొక్కి ఉంటాను. మంద దాటింది, రోడ్డు ఖాళీ అయింది, నేను వేగం పెంచాను. అప్పుడు కారు మెల్లగా ఎడమవైపుకు జరగడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఎవరో కూర్చుని స్టీరింగును తమవైపు లాక్కుంటున్నట్టు ఉంది. నేను కుడికి తిప్పి పట్టుకున్నాను. అది ఎడమకు గుంజింది. ఊరు వచ్చేదాకా మా ఇద్దరికీ అదే పని.

ఇంటికి రాగానే బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, కారు ఎడమకు గుంజుతాంది."

"గుంజదు."

"గుంజుతాంది అని చెప్తున్న గదా."

"ఏండ్ల సంది నడిపిన బిడ్డా. ఒక్క దినం గుంజలే. నువ్వు స్టీరింగు ఎట్ల పడ్తున్నవ్?"

ఎట్లా పడుతున్నానో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఎడమ చెయ్యి జర బరువెక్కువ ఏస్తున్నవు. సూదులేసే చెయ్యి గదా, బలముంటది."

"సూది కుడిచేత్తో ఏస్త బాపూ."

"గదే మరి. కుడి చెయ్యి అలిసిపోతాంది. ఎడమ చెయ్యి గుంజుతాంది. లోపం నీ చేతుల్నే ఉన్నది, బండిల లేదు."

ఇంత చక్కగా రోగం తేల్చి ఆయన ఫోను పెట్టేశాడు. చిత్రం ఏమిటంటే, మరునాడు పొద్దున కారు గీత గీసినట్టు తిన్నగా నడిచింది. ఒక్క క్షణం నేను కూడా నా చేతులను అనుమానంగా చూసుకున్నాను.

రెండు రోజులకు మళ్ళీ గుంజింది. ఇక లాభం లేదని సెలవుపెట్టి పాలమూరు పోయాను. దారి పొడుగునా కారు నాతో కుస్తీ పడుతూనే ఉంది. మెకానిక్ షాపు ముందు అప్పటికే అయిదు బండ్లున్నాయి. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మెకానిక్ అన్నం తిని, చేయి కడుక్కుని, కారు ఎక్కి వీధి చివరిదాకా పోయివచ్చాడు. దిగి నవ్వాడు.

"మేడం, బండి మంచిగున్నది. రోడ్డే ఎడమకు వాలి ఉంటది, వాన నీళ్ళు పోనీకి. అందరి బండ్లు గట్లనే పోతయి."

"అందరి బండ్లూ ఇట్లా చెయ్యి నొప్పి పుట్టేలాగ గుంజుతాయా?"

"అలవాటైతది మేడం."

మా దవాఖానకు వచ్చే బర్రెలూ ఇంతే. ఇంటి దగ్గర మూడు రోజులు గడ్డి ముట్టనిది, మా గేటు దాటగానే నా చేతిలోని రిజిస్టరు నమలబోతుంది. తోలుకొచ్చిన రైతు ఇబ్బందిగా చూస్తూ, "నిజంగనే తినలేదమ్మా" అంటాడు. ఆ రోజు ఆ మెకానిక్ ముందు నేను ఆ రైతులాగే నిలబడి, "నిజంగనే గుంజిందయ్యా" అన్నాను.

రెండోసారి పోయినప్పుడు ఆయన జాలిపడి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చాడు. చక్రాన్ని ఆపడానికి రెండు పక్కల నుంచి పట్టి నొక్కే బిళ్ళలవి. పాతవి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. ఎడమ చక్రంవి బిస్కెట్టంత పల్చబడ్డాయి, కుడివి ఇంకా మందంగా ఉన్నాయి. అవి చూసి, ఓహో అనుకుని, సీటు కింద పడేశాను. నాలుగు కాళ్ళ జీవం ఏదైనా ఒక్క కాలు సన్నబడి నా ముందుకు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఎందుకు ఒక్కటే అని. బ్రేకు ప్యాడ్ల విషయంలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. కొత్త ప్యాడ్లతో వారం బాగా నడిచింది. ఎనిమిదో రోజు మళ్ళీ ఎడమకు.

అప్పుడు నేను కారుకు కేసు షీటు రాయడం మొదలుపెట్టాను. కోపంతోనే మొదలుపెట్టాను కానీ, అలవాటైన పని కాబట్టి బాగానే రాశాను. రోగి వయసు పదిహేనేళ్ళు. పొద్దున బయలుదేరినప్పుడు బాగుంది. మద్దూరు దారిలో నాలుగు స్పీడ్ బ్రేకర్ల తర్వాత ఎడమకు. మూడు గంటలు ఆపి ఉంచాక మళ్ళీ బాగుంది. పెద్ద రోడ్డు మీద బ్రేకు తొక్కకుండా పోతే రోగం లేదు. రెండు వారాలు రాశాక ఆ కాగితం చూస్తే జబ్బు పేరు తెలియలేదు కానీ, దాని వేళలు తెలిశాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దారిలో ఒక ముసలమ్మ కనిపించింది. గొర్రెలు కాచుకునే ఇంటి మనిషి, చంకలో ఒక గొర్రెపిల్లతో మా దవాఖానవైపే నడుస్తోంది. పిల్ల ముందుకాలు వేలాడుతోంది. కారు ఆపి ఎక్కించుకున్నాను. ముందు సీట్లో కూర్చుని, పిల్లను ఒళ్ళో సర్దుకుని, అవ్వ ఒకసారి కారంతా పరికించి చూసింది. నచ్చినట్టు లేదు.

మూడు ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి కారు తన పాట మొదలుపెట్టింది. నేను స్టీరింగుతో పెనుగులాడుతున్నాను. అవ్వ గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"డాక్టరమ్మా, ఏదో కాలుతాంది."

"ఏం కాలుతలేదవ్వా. పక్కన చేన్లో ఏదో తగలబెట్టి ఉంటరు."

"చేను వాసన నాకు ఎరుకలేదా? నాకు కండ్లు సరిగ అగుపడవు గని ముక్కు మంచిగున్నది. ఆపు."

ఆపాను. అవ్వ గొర్రెపిల్లను నా చేతిలో పెట్టి దిగింది. మందలో రోగం తగిలిన గొర్రెను వెతికేటట్టు కారు చుట్టూ వంగి నడుస్తూ ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టింది. వెనకవి రెండూ అయ్యాయి. కుడి ముందుది అయింది. ఎడమ ముందు చక్రం దగ్గర, "ఓయమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుని విదిలించింది.

"దీనికి జరమొచ్చింది. గీ ఒక్క కాలుకే. తక్కినయి సల్లగున్నయి."

నా నీళ్ళ సీసా తీసుకుని చక్రం రేకు మీద కాసిని చిలకరించింది. చుయ్‌మని పొగలు లేచాయి. అవ్వ నావైపు తిరిగింది.

"గొర్రె కుంటితే ఏం జేస్తవమ్మా?"

"నాలుగు కాళ్ళు పట్టి చూస్త అవ్వా."

"మరి దీన్ని ఎందుకు పట్టి సూడలే?"

అయిదేళ్ళు చదివి, పరీక్షల్లో మార్కులు తెచ్చుకుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరుగుతున్న నేను, నెల రోజులుగా బాధపడుతున్న రోగి ఒంటి మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడలేదు. దవాఖానకు పోయాక గొర్రెపిల్ల కాలికి బద్దలు కట్టి, పొద్దుగూకేలోపు అవ్వను వాళ్ళ ఊరికి దింపివచ్చాను. ఆమె వెనక సీట్లో కూర్చుంది. ముందు సీటు కింద నిప్పున్నదని ఆమె అనుమానం.

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి, "ఎడమ ముందు చక్రం కాలుతాంది. నీళ్ళు పోస్తే పొగలొచ్చినయి" అన్నాను.

"వస్తున్న" అన్నాడు.

మరునాడు నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, పాలమూరు మీదుగా బస్సులు మారి మధ్యాహ్నానికి దిగాడు. దిగీదిగగానే, తాను ఎక్కిన చివరి బస్సు డ్రైవరుకు గేరు మార్చడం రాదని చెప్పాడు. మంచినీళ్ళు తాగి, "తాళంచెవి ఇయ్యి. ఎట్ల గుంజుతదో సూస్త" అన్నాడు.

నేను ఎడమ పక్కన కూర్చున్నాను. కారు పొద్దటి నుంచి ఆపి ఉంది కాబట్టి పెద్దమనిషిలా నడిచింది. బాపు ముఖంలో ముప్పై ఏళ్ళ సర్వీసు వెలిగింది.

"ఏది? గుంజుతలేదు గదా?"

"జర ఆగు బాపూ. నాలుగైదుసార్లు బ్రేకు తొక్కు."

"ఉత్తగ బ్రేకు ఎవడు తొక్కుతడు? బ్రేకు అవసరానికి తొక్కాలె."

అవసరం తానే ఎదురొచ్చింది. బడి దగ్గర మూడు స్పీడ్ బ్రేకర్లు, తర్వాత ఒక ట్రాక్టరు, ఆ తర్వాత రోడ్డు మధ్యలో నిలబడి ఆలోచించుకుంటున్న ఒక బర్రె. ఆగుతూ, కదులుతూ ఊరు దాటాం. నేను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను. బాపుకు ఇవేమీ పట్టలేదు. ఆయన తన పాఠం మొదలుపెట్టాడు.

"స్టీరింగు మీద పెత్తనం చెయ్యొద్దు బిడ్డా. ఇగో, నేను ఒక్క ఏలు పెట్టిన సూడు. ఇగో, ఆ ఏలు గూడ తీస్తున్న..."

తీశాడు. కారు ఎడమకు తిరిగి, రోడ్డు దిగి, మెత్తటి నేల మీద గతుకులు పడుతూ పోయి కందిచేనులో ఆగింది. వేగం తక్కువ, పక్కన గుంట లేదు, మాకు ఏమీ కాలేదు. అద్దం మీద కందికొమ్మ ఒకటి వాలి లోపలికి చూస్తోంది. బాపు రెండు చేతులూ ఇంకా గాల్లోనే ఉన్నాయి.

చేనులో కలుపు తీస్తున్న రైతు పార భుజాన వేసుకుని మావైపు తాపీగా నడిచివచ్చాడు. బాపు కంటే పదేళ్ళు చిన్నవాడు.

"ఏం పెద్దమనిషీ, చేన్లకు దిగినవు?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "బ్రేకు సూస్తున్నం."

"దొరికిందా?"

నాకు నవ్వు ఆగలేదు. సీటు కింద ఏదో పడిపోయినట్టు వంగి నవ్వుకున్నాను. రైతు మమ్మల్ని తిట్టలేదు. విరిగిన మొక్కలు నాలుగే అని లెక్కబెట్టి, "డాక్టరమ్మవు గదా, మా ఎద్దుకు నువ్వే సూదేసినవు" అని గుర్తుపట్టి, కారును వెనక్కి నెట్టడానికి భుజం కూడా పెట్టాడు. బాపు దిగి ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు. వేలి కొస తగిలించి చూశాడు. ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడే మెకానిక్ దగ్గరికి పోవాలె బాపూ. చల్లారకముందే" అన్నాను. కేసు షీటు రాసినందుకు నాకు మిగిలిన తెలివి అదొక్కటే. ఈ రోగి వేడి మీద ఉన్నప్పుడే వైద్యుడి కంట పడాలి.

"గీడ దగ్గర్ల ఎవరున్నరు?" అని బాపు రైతును అడిగాడు. మెకానిక్ గురించి బాపు ఒకరిని అడగడం అదే మొదటిసారి నేను వినడం.

"కార్లోల్లు లేరు. ట్రాక్టరు మేస్త్రి ఉన్నడు. ఊరు దాటినంక రేకుల షెడ్డు. మాటలు తక్వ గని పని తెలిసినోడు."

నేను నడిపాను. బ్రేకు ముట్టకుండా, మెల్లగా, కాలుతున్న చక్రాన్ని ఈడ్చుకుంటూ పోయాం.

మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. ఒక ట్రాక్టరు కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. నేను విషయం చెప్పి కేసు షీటు ఇచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని, షెడ్డు బయట వెలుతురులో నిలబడి, మొదటి లైను నుంచి చివరిదాకా చదివాడు. మధ్యలో ఒకసారి వెనక్కి పోయి మళ్ళీ చదివాడు.

"గిట్ల రాసి ఎవ్వరు తేలే" అన్నాడు. ఆ సర్టిఫికెట్టు నా డిగ్రీ సర్టిఫికెట్టు కంటే నాకు ఎక్కువ నచ్చింది.

జాకీ పెట్టి ఎడమ చక్రం పైకి లేపాడు. రెండు చేతులతో తిప్పబోతే చక్రం కదల్లేదు. ఆయన మట్టిలో పుల్లతో గీసి చూపించాడు. మనం పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ పోయి ప్యాడ్లను చక్రం మీదికి నొక్కుతుంది. కాలు తీస్తే ఆయిల్ వెనక్కి రావాలి, ప్యాడ్లు వదలాలి. ఇక్కడ వదలడం లేదు. వదలకుండా నడిస్తే రాసుకుని వేడెక్కుతుంది, బండిని తనవైపు గుంజుతుంది.

"నొక్కే పిస్టనన్న పట్టి ఉండాలె, ఆయిలన్న లోపల చిక్కి ఉండాలె. సూద్దాం."

చక్రం వెనక ఆయిల్ వదలడానికి చిన్న నిప్పల్ ఒకటి ఉంటుంది. పానా పెట్టి దాన్ని సగం తిప్పాడు. నల్లటి ఆయిల్ పిచికారీలాగా చిమ్మింది. మేస్త్రి చక్రం మీద చెయ్యి వేశాడు. అది గిర్రున తిరిగింది.

"పిస్టన్ మంచిగున్నది. ఆయిలే చిక్కింది."

నిప్పల్ బిగించి, బాపును పెడల్ తొక్కి వదలమన్నాడు. చక్రం మళ్ళీ బిగుసుకుంది. ఈసారి ఆయన నిప్పల్ జోలికి పోలేదు. ఇంజన్ వైపు నుంచి వచ్చే ఇనుప పైపు, చక్రానికి పోయే రబ్బరు పైపు కలిసే చోట నట్టు వదులు చేశాడు. అక్కడ నాలుగు చుక్కలు కారాయి. చక్రం మాత్రం కదల్లేదు.

ఇప్పుడు నాకూ అర్థమైంది. ఇనుప పైపులో అడ్డం ఉంటే ఇక్కడ విప్పగానే వదలాలి. ఇక్కడ వదల్లేదు, చక్రం దగ్గర విప్పితే వదిలింది. మధ్యలో ఉన్నది జానెడు రబ్బరు పైపు ఒక్కటే.

దాన్ని ఊడదీసి, తుడిచి, ఒక కొస బకెట్టు నీళ్ళలో ముంచి రెండో కొస నుంచి సైకిలు పంపుతో గాలి కొట్టాడు. బుడగలు వచ్చాయి. పైపు తిరగేసి కొట్టాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. పోవడానికి దారి ఉంది, రావడానికి లేదు.

"కోసి సూడొచ్చా?" అని అడిగాను.

మేస్త్రి ఇచ్చేశాడు. కారులోని నా పెట్టెలోంచి కొత్త బ్లేడు తీసి, పైపును పొడుగునా చీల్చాను. నేను చేసిన పోస్టుమార్టాల్లో అంత శుభ్రమైనది మరొకటి లేదు. బయట ఏమీ తెలియడం లేదు కానీ, లోపలి రబ్బరు పొర ఒకచోట చిరిగి నాలుకలా వేలాడుతోంది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ దాన్ని తోసుకుని ముందుకు పోతుంది. తిరిగి వచ్చే ఆయిల్‌కు ఆ బలం ఉండదు, నాలుక లేచి దారి మూస్తుంది. గంటలు గంటలు ఆపి ఉంచితే కొంచెం కొంచెంగా కారి సర్దుకుంటుంది. రక్తనాళాల్లో రక్తం వెనక్కి పోకుండా ఉండే మూతలకు నేను పుస్తకంలో బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ కారు తనకు తానే ఒకటి మొలిపించుకుంది.

మేస్త్రి ఆ పైపును తీసుకుని బయటివైపు వేలితో తడిమాడు. సరిగ్గా ఆ చిరుగు మీదనే పంటిగాట్లలాంటి గీతలు, రెండు వరసలు.

"ఎవలో పట్కారుతోని గట్టిగ నొక్కి పట్టిర్రు. ఎన్నడో. అప్పుడు నలిగింది, ఇప్పుడు చినిగింది."

ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నేను బాపువైపు చూశాను. బాపు షెడ్డులో ఉన్న ట్రాక్టరు నంబరు ప్లేటును ఎంతో శ్రద్ధగా చదువుతున్నాడు.

పైపు పాలమూరు నుంచి రావాలి. "నేను పోయి తెస్త" అని ఎవరూ అడగకముందే బాపు అన్నాడు. మరునాడు పొద్దున మొదటి బస్సుకు పోయి, మధ్యాహ్నానికి రెండు పైపులు, రెండు డబ్బాల బ్రేకు ఆయిల్ పట్టుకొచ్చాడు. కుడివైపుది కూడా అదే వయసుది, దాన్నీ మార్చాలని ఆయన అంటే, మేస్త్రి మొదటిసారి తలూపి మెచ్చుకున్నాడు. బాపు ఆ మెప్పును దాచుకోలేక నావైపు చూశాడు.

పైపులు బిగించాక లోపల చేరిన గాలినంతా తీసెయ్యాలి. లేకపోతే పెడల్ స్పాంజీలాగా లోపలికి పోతుంది. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు నిప్పల్ విప్పి గాలి వదిలి బిగించాలి. మేస్త్రికి అవతల ట్రాక్టరు వాళ్ళు తొందరపెడుతున్నారు.

"మీరిద్దరు చేసుకోండ్రి. నేను సూస్తుంట. ఒక సన్న పైపుంటే మంచిగుండు, బుడగలు అగుపడేటిది" అన్నాడు.

సన్న పైపుకు పశువుల డాక్టరు దగ్గర కరువేముంది? వాడేసిన సెలైన్ పైపు కడిగి, ఒక కొస నిప్పల్‌కు తొడిగి రెండో కొస సీసాలో పెట్టాను. బాపు డ్రైవరు సీట్లో, నేను చక్రం పక్కన నేల మీద.

"తొక్కు బాపూ."

"తొక్కిన."

"పట్టు. ఇడవకు." నిప్పల్ విప్పాను. సెలైన్ పైపులో బుడగలు వరసగా పరుగెత్తాయి. బిగించాను. "ఇగ ఇడువు."

నాలుగోసారి నేను బిగించకముందే ఆయన కాలు తీశాడు. పైపులోని ఆయిల్ గబుక్కున వెనక్కి పోయి, దాని వెంట గాలి మళ్ళీ లోపలికి చేరింది.

"నేను చెప్పకముందే ఎందుకు ఇడిచినవ్?"

"నువ్వు చెప్పినవనుకున్న."

"నేను చెప్పేదాక కాలు తియ్యకు. మళ్ళ మొదటి నుంచి."

"సరే మేడం" అన్నాడు బాపు. ట్రాక్టరు కింద నుంచి మేస్త్రి దగ్గినట్టు నవ్విన చప్పుడు వినిపించింది.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి నా వీపు వంగిపోయింది, ఆయన మోకాలు పట్టేసింది. కానీ సీసాలోకి బుడగ లేని ఆయిల్ తేనెలాగా దిగింది, పెడల్ పాదం కింద రాయిలాగా నిలబడింది. మేస్త్రి వచ్చి ఒకసారి తొక్కి చూసి, కారు ఎక్కి, రోడ్డు మీద ఇరవైసార్లు బ్రేకు కొట్టుకుంటూ పోయి వచ్చాడు. దిగి నాలుగు చక్రాలకూ చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. ముందువి రెండూ ఒకే వెచ్చదనం.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, కందిపప్పు చేశాను. బాపు రెండో రొట్టె సగంలో ఆపాడు.

"అయిదేండ్ల కిందట గా చక్రంల సీలు నేనే మార్చిన" అన్నాడు, పళ్ళెంలోకి చూస్తూ. "పైపు ఇప్పితే ఆయిలంత కారిపోతదని పట్కారుతోని నొక్కి పట్టి, దారం చుట్టి పెట్టిన. ఒక పూట అట్లనే ఉండే. అందరు గట్లనే చేస్తరు."

నవ్వు వస్తోంది, కానీ ఆయన ముఖం చూసి మింగేశాను. నన్ను ఈ నెలరోజులూ ఆ కారుతో తండాల దారుల్లో తిప్పిన భయం ఆయనకు ఇప్పుడు పట్టుకున్నట్టుంది.

"ఎదురుంగ లారీ ఉండి కుడికి గుంజితే ఏమైతుండే బిడ్డా" అన్నాడు.

"ఎడమకే గుంజింది గదా బాపూ. కందిచేన్లకే పోయింది."

"నీ చేతులల్ల ఏం లోపం లేదు." ఈ మాట అనడానికి ఆయనకు రెండు గుటకలు నీళ్ళు పట్టాయి. "పప్పు ఇంకింత ఎయ్యి."

వేశాను. ఆయన ఇంకో రెండు రోజులుండి, కందిచేను రైతును వెతుక్కుంటూ పోయి కూర్చుని మాట్లాడి, మేస్త్రి షెడ్డులో ఒక పూట గడిపి కట్టంగూరు వెళ్ళిపోయాడు.

నెల తిరగకముందే ఒక పొద్దున, నేను ఒక బర్రెకు చూడి పరీక్ష చేసి చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది.

"బిడ్డా, మన పక్కింటి సార్ కారు కుడికి గుంజుతాందట. నేను నువ్వున్నవని చెప్పిన. జర చెప్పు."

పక్కింటి సార్ రిటైరైన లెక్కల టీచరు. ఫోను స్పీకర్లో పెట్టారు. బ్రేకు తొక్కినప్పుడు గుంజుతోందా, ఎప్పుడూ గుంజుతోందా అని అడిగాను. ఎప్పుడూనే అన్నారు. పొద్దున పొద్దున కూడానా అంటే, పొద్దున కూడానే అన్నారు. బాపు మధ్యలో అడ్డొచ్చి, పైపు నలిగి ఉంటుందనీ, ఎవరైనా పట్కారు పెట్టారేమో గుర్తుచేసుకోమనీ సార్‌ను నిలదీస్తున్నాడు.

"బాపూ, ముందుగాల కుడి టైరుల గాలి చూడుండ్రి" అన్నాను.

కాసేపు అడుగుల చప్పుడు. ఎవరో టైరును కాలితో తన్నారు.

"మెత్తగున్నది" అన్నాడు బాపు, బాగా నిరాశగా.

ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి ఇద్దరూ పంక్చర్ షాపుకు బయలుదేరారు. కారు ఎవరు నడపాలన్న దగ్గర మాట పెరిగింది. కారు నాది అని సార్, సర్వీసు నాది అని బాపు. బర్రె తోలుకొచ్చిన రైతు, నవ్వు ఆపుకుంటున్న నా ముఖం చూసి, "ఏమైందమ్మా, చూడి కట్టలేదా?" అని కంగారుగా అడిగాడు. కట్టిందని చెప్పి, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఇంకాసేపు విన్నాను.